వంశం, వంటిల్లు, వీధి
(డాక్టర్ సి. గోపాలన్ స్మారక ధర్మనిధి ఉపన్యాసం)



ఆకలి మీద జీవితమంతా పనిచేసిన మనిషి పేరుతో జరిగే సభలో ఊబకాయం గురించి మాట్లాడటమేమిటని నిర్వాహకుల్లో ఒకరు మొహమాటపడుతూనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ముందు గోపాలన్ గారిని తలుచుకోవాలి.

ఆయన 1918లో సేలంలో పుట్టారు. సరిగ్గా అదే ఏడు కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1950ల చివర్లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. తార్నాక వైపు వెళ్లేవాళ్లందరికీ తెలిసిన చోటు. గోపాలన్ గారు 1974 దాకా దానికి డైరెక్టరు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. నూరేళ్లు నిండాక, 2019 అక్టోబరులో కన్నుమూశారు.

ఆయన హైదరాబాదుకు వచ్చిన కాలంలో ఇక్కడి ఆసుపత్రులకు పెలాగ్రా రోగులు వచ్చేవారు. మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లగా గరుకుదేలి, విరేచనాలతో నీరసించి, కొందరు మతి చెదిరి వచ్చేవారు. వాళ్లలో ఎక్కువమంది జొన్న మీదే బతికే వ్యవసాయ కూలీలు. జొన్నలోని లూసిన్ అనే పదార్థానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. ఈరోజు అదే హైదరాబాదులో ఒళ్లు తగ్గడానికి జొన్నరొట్టె తినమని డాక్టర్లు చీటీ రాస్తున్నారు. జొన్న అదే జొన్న. తినేవాడి కంచంలో దాని పక్కన ఇంకేమున్నాయి, తినేవాడి పగలు ఎలా గడుస్తోంది అన్నవే మారిపోయాయి.

ఇంకో సంగతి. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వాదం తెచ్చాడు. పేద దేశాల్లో పిల్లలు పొట్టిగా ఉంటే కంగారుపడనక్కర్లేదు, చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు పొమ్మన్నాడు. మన దేశంలోనూ ఆ మాటకు తల ఊపినవాళ్లు ఉన్నారు. గోపాలన్ గారు దాని మీద విరుచుకుపడ్డారు. చిన్నగా ఉండటం పేదవాడికి మాత్రమే ఎందుకు ఆరోగ్యమవుతుంది, ధనవంతుడి పిల్లలకు ఎందుకు కాదు అని నిలదీశారు. ఎదగకపోవడం ఆ పిల్లల స్వభావం కాదనీ, వాళ్లకు దక్కని తిండి గుర్తనీ ఆయన వాదన.

ఆయన నిలదీసిన పొరపాటే నలభై ఏళ్ల తర్వాత వేషం మార్చుకుని వచ్చింది. అప్పుడు "పొట్టితనం మన రక్తంలోనే ఉంది" అన్నారు. ఇప్పుడు "పొట్ట మన రక్తంలోనే ఉంది" అంటున్నారు. ఇంకోవైపు నుంచి "తిని కూర్చుంటే రాదా మరి" అంటున్నారు. మొదటి మాట ప్రభుత్వానికి సెలవిస్తుంది, రెండోది మనిషిని దోషిగా నిలబెడుతుంది. ఈ రెండూ ఎందుకు తప్పో మెట్టు మెట్టుగా చెప్పడమే ఈ సాయంత్రం నా పని.

1. ఎంత పెరిగింది

ముందు లెక్క చూద్దాం. 2022లో ప్రపంచంలో 250 కోట్ల మంది పెద్దవాళ్లు ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారని, వాళ్లలో 89 కోట్ల మందికి ఊబకాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో బరువులు తూచింది. బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, 25 గానీ అంతకు మించి గానీ ఉన్న స్త్రీలు దేశంలో 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. తెలంగాణలో 30.1 శాతం.

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 14.8 శాతం మంది ఉండవలసినదానికన్నా సన్నగా ఉన్నారు. సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఇవన్నీ కలిసి కాపురముంటున్నాయి. లావుగా ఉన్న తల్లికి రక్తం తక్కువ, ఆమె బిడ్డ బక్కపలచన. నా గదిలోకి ఇలాంటి జంటలు వస్తూనే ఉంటాయి. ఆకలి శాస్త్రమూ ఊబకాయ శాస్త్రమూ వేర్వేరు గదుల్లో కూర్చోవలసినవి కావని నేను అనడానికి కారణం ఇదే.

ఇంకొక్క జాగ్రత్త. 25 అనే గీత యూరప్ శరీరాలను చూసి గీసినది. మనకు 23 దాటితేనే అధిక బరువు, 25 చేరితే ఊబకాయం అని 2009లో మన వైద్యులు కలిసి నిర్ణయించారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇంటికెళ్లాక టేపు తీసేవాళ్లు బొడ్డు దగ్గర ఊపిరి బిగబట్టకుండా కొలవండి!

2. కవలలు చెప్పిన సాక్ష్యం

"గాలి పీల్చినా ఒళ్లు చేస్తుందండీ మాకు, వంశమే అంత." ఈ మాట వినని డాక్టరు ఉండడు. చాలామంది లోపల నవ్వుకుంటారు. నవ్వకండి. అందులో నిజం ఉంది.

1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పరిశీలించింది. పెద్దయ్యాక వాళ్ల ఒళ్లు కన్న తల్లిదండ్రులను పోలింది. పెంచినవాళ్లతో పోలిక కనబడలేదు. ఎవరి చేతి ముద్ద తిన్నారో వాళ్లలా కాక, ఎన్నడూ చూడని కన్నవాళ్లలా తయారయ్యారు.

1990లో క్లాడ్ బుషార్ కెనడాలో ఇంకో పని చేశాడు. పన్నెండు జతల కవల యువకులను తెచ్చాడు. జతలో ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టినవాళ్లు. వాళ్లను దాదాపు వంద రోజులు కాపలాలో ఉంచి, వారానికి ఆరు రోజులు, రోజూ మామూలుకన్నా 1000 కేలరీలు ఎక్కువ తినిపించాడు. అందరికీ అదనం ఒకటే. సగటున ఎనిమిది కిలోలు పెరిగారు. కానీ ఒకడు నాలుగు కిలోల చిల్లర పెరిగితే ఇంకొకడు పదమూడు పెరిగాడు. ఎక్కువ పెరిగినవాడి జత కూడా ఎక్కువే పెరిగాడు, తక్కువ పెరిగినవాడి జత తక్కువే. కొవ్వు ఎక్కడ చేరాలన్నది కూడా జతల్లో ఒకేలా ఉంది. ఒక జతకు పొట్టలో, ఇంకో జతకు మరోచోట.

జన్యువు ఏం చేస్తుందో పచ్చిగా కనిపించింది 1997లో. కేంబ్రిడ్జి డాక్టర్ల దగ్గరకు పాకిస్తాన్ మూలాలున్న ఒక కుటుంబం నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. వాళ్లకు ఆకలి తీరదు. తిండి దాస్తే పోరాడతారు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోను తయారుచేసి, "నిల్వలు ఉన్నాయి, ఇక చాలు" అని మెదడుకు కబురు పంపుతాయి. ఆ పిల్లల్లో లెప్టిన్ తయారుచేసే జన్యువే చెడిపోయింది. తర్వాత లెప్టిన్ సూదిమందు మొదలుపెడితే ఆకలి అణగింది, బరువు దిగింది. అప్పటిదాకా ఆ తల్లిదండ్రులు బంధువుల నుంచి ఎన్ని మాటలు పడి ఉంటారో ఊహించుకోండి.

ఇలా ఒక్క జన్యువు దెబ్బతినడం వల్ల వచ్చే ఊబకాయం చాలా అరుదు. మనలో ఎక్కువమందిలో వందలకొద్దీ జన్యుభేదాలు తలా పిడికెడు చొప్పున పనిచేస్తాయి. వాటిలో ముందుగా దొరికినది, బాగా పేరుపడ్డది ఎఫ్‌టీఓ. 2007లో బయటపడింది. దాని ప్రమాదకర రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే, ఏదీ రానివాడికన్నా సగటున మూడు కిలోలు ఎక్కువ. అంతే. ఈ జన్యుభేదాల్లో చాలావరకు మెదడులోనే పనిచేస్తాయి. ఎంత ఆకలేస్తుంది, ఎప్పుడు చాలనిపిస్తుంది, మిఠాయి కొట్టు ముందు కాలు ఎందుకు ఆగుతుంది అన్నవి తేల్చేది అక్కడే. కవలల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనుషుల మధ్య బరువు తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా వంశపారంపర్యంతో ముడిపడి ఉందని తేలుతుంది.

ఇక్కడితో ఆపేస్తే "వంశమే అంత" అన్నవాళ్లు గెలిచినట్టే.

3. నది మళ్లినప్పుడు

అమెరికాలోని అరిజోనాలో గీలా నది ఒడ్డున పీమా అనే ఆదివాసులున్నారు. తమను తాము అకిమెల్ ఓఓధమ్ అని పిలుచుకుంటారు. ఆ నది నీటితో కాలువలు తవ్వుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుని బతికేవారు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లు నీళ్లు మళ్లించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి. ప్రభుత్వం రేషను ఇచ్చింది: మైదా, పందికొవ్వు, పంచదార. 20వ శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా మధుమేహం ఎక్కువున్న జనంగా పీమాలు పుస్తకాలకెక్కారు.

వాళ్లది ప్రత్యేకమైన రక్తం అన్నారు. 1962లోనే జేమ్స్ నీల్ పొదుపు జన్యువు అనే ఊహ చెప్పి ఉన్నాడు. కరువుల్లో బతకడానికి కొవ్వు దాచుకునే జన్యువులు మిగిలాయని, కలిమి వచ్చాక అవే శాపమయ్యాయని. పీమాలకు ఆ మాట అతికించడం సులువైపోయింది.

అయితే సరిహద్దుకు అవతల, మెక్సికో సొనోరా రాష్ట్రంలో మైకోబా అనే కొండ ఊరిలో వాళ్ల రక్తబంధువులు ఇంకా ఉన్నారు. చేతులతో సేద్యం చేసుకుంటూ, చిక్కుడు, మొక్కజొన్న రొట్టెలు తింటూ. పరిశోధకులు రెండు చోట్లా కొలిచి 2006లో ఫలితాలు ప్రకటించారు. అరిజోనా పీమాల్లో మధుమేహం 38 శాతం. మైకోబాలో 6.9 శాతం. ఊబకాయంలోనూ ఇలాంటి అంతరమే. ఆ కొండల్లో వాళ్ల చుట్టుపక్కల ఉన్న, వేరే రక్తం మనుషులతో పోల్చినా పీమాల మధుమేహంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నీళ్లు పారినంతకాలం అరిజోనా పీమాలకూ ఇవే జన్యువులు ఉన్నాయి. అప్పుడు ఈ జబ్బు ఇంతగా లేదు.

మన విషయానికి వస్తే, రెండు తరాల్లో తెలుగువాళ్ల జన్యువులు మారిపోలేదు. జన్యువులు అంత తొందరగా మారవు. మా తాతల దగ్గర ఉన్నవే మా దగ్గరా ఉన్నాయి. పెరుగుదలకు కారణం వెతకాలంటే మారినదాని దగ్గరకే వెళ్లాలి.

4. విత్తనమా, చేనా

రెండు సాక్ష్యాలూ విన్నారు. ఒకటి వంశం అంటోంది, ఇంకొకటి పరిసరాలు అంటోంది. వైద్య విద్యార్థులు ఇక్కడే "అయితే సర్, ఎంత శాతం ఇది, ఎంత శాతం అది?" అంటారు. పరీక్షలో రెండు మార్కులకు బాగుంటుంది గానీ, ఆ ప్రశ్నే తిరకాసు.

మనమంతా పొలం తెలిసినవాళ్లం కాబట్టి అక్కడినుంచే చెబుతాను. నీళ్లు, ఎరువు సమానంగా అందే ఒక మాగాణిలో పది రకాల వరి వేయండి. దిగుబడి తేడాలన్నీ విత్తనం వల్లే. అదే పది రకాలను నీరందని మెట్టలో వేయండి. అన్నీ గిడసబారి, రకాల మధ్య తేడా కనబడటమే మానేస్తుంది. ఇక మాగాణికీ మెట్టకీ మధ్య సగటు దిగుబడిలో ఉన్న తేడా మొత్తం చేనుది. విత్తనం శాతం ఎంత అన్నదానికి చేను చెప్పకుండా జవాబు లేదు.

మనుషుల్లో దీన్ని చూపించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరిలో దశాబ్దాలుగా కుటుంబాలను వెంబడించి నమోదు చేస్తున్నారు. ఆ లెక్కల్లో ఎఫ్‌టీఓ జన్యువును పుట్టిన సంవత్సరంతో కలిపి చూశారు. 1942 తర్వాత పుట్టినవాళ్లలో ఆ జన్యువుకూ బరువుకూ గట్టి సంబంధం కనబడింది. అంతకుముందు పుట్టినవాళ్లలో దాదాపు లేదు. జన్యువు ఒకటే, ఊరు ఒకటే. యుద్ధం తర్వాత పెరిగిన అమెరికా తిండీ, కార్లూ, యంత్రాలూ ఆ జన్యువుకు పని కల్పించాయి. ఇంకో పెద్ద విశ్లేషణలో, ఒళ్లు కదిలించేవాళ్లలో ఆ జన్యువు వల్ల వచ్చే ప్రమాదం పావువంతుకు పైగా తగ్గిందని తేలింది.

కాబట్టి ఈ మెట్టు దగ్గర నా మాట ఇది. సమాజం మొత్తం బరువు ఎందుకు పెరిగిందంటే జవాబు పరిసరాలు. ఆ పరిసరాల్లో మీరే ఎందుకు ఎక్కువ పెరిగారు, మీ తమ్ముడు ఎందుకు పెరగలేదు అంటే జవాబులో పెద్దవాటా జన్యువులు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి ఇవ్వవలసిన జవాబు రెండోదానికి ఇస్తున్నందువల్లే ఇంత గందరగోళం. తిండి చవగ్గా, ఎప్పుడంటే అప్పుడు, నోటికి ఎదురుగా దొరికే కాలంలో ఆకలి ఎక్కువిచ్చే జన్యువున్నవాడే ముందు దొరికిపోతాడు.

5. కడుపులో బిడ్డకు అందిన కబురు

జన్యువుకూ పరిసరాలకూ మధ్య ఇంకో గది ఉంది. తల్లి గర్భం.

1944-45 చలికాలంలో జర్మనీ సైన్యం నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతాలకు ఆహారం అందకుండా చేసింది. జనం ట్యూలిప్ గడ్డలు తిన్నారు. ఆ కరువులో, గర్భం మొదటి సగంలో తల్లి పస్తులున్న మగబిడ్డలను 19 ఏళ్లకు సైన్యంలో చేర్చుకునేటప్పుడు తూస్తే, ఊబకాయం మిగతావాళ్లకన్నా ఎక్కువ కనబడింది. జన్యు అక్షరాలు మారలేదు. ఏ జన్యువు ఎంత గట్టిగా పలకాలన్నది కడుపులోనే సర్దుకుంది.

మనకు ఇది దూరపు కథ కాదు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చారు. మన బిడ్డ సగటున 2.7 కిలోలు, వాళ్ల బిడ్డ 3.5 కిలోలు. మన బిడ్డకు కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. చర్మం కింద కొవ్వు మాత్రం తగ్గలేదు. చూడటానికి బక్కపలచన, లోపల కొవ్వు. ఆయనే 2004లో లాన్సెట్ పత్రికలో తన బొమ్మ, తన ఇంగ్లీషు మిత్రుడు జాన్ యుడ్‌కిన్ బొమ్మ పక్కపక్కన వేయించారు. ఇద్దరి బీఎంఐ 22.3. మిత్రుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, ఈయన ఒంట్లో 21.2 శాతం.

సన్నగా పుట్టిన ఇలాంటి బిడ్డ పెద్దయ్యాక కాస్త తిండి దొరికిందంటే ముందు పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. కొద్దిపాటి బరువుకే మధుమేహం పలకరిస్తుంది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు అక్కడి డాక్టర్లు బీఎంఐ బాగానే ఉందని చెప్పి పంపేసి, నాలుగేళ్లకు చక్కెర చూసి ఆశ్చర్యపోవడం ఇందుకే.

మరి గర్భిణికి తిండి పెడితే బిడ్డ లావెక్కుతాడా? ఈ భయం ఉన్నవాళ్లకు జవాబు మన రంగారెడ్డి జిల్లాలోనే దొరికింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 29 పల్లెల్లో పని చేసింది. సగం పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు ఉప్మాలాంటి పోషకాహారం వండిపెట్టారు. మిగతావాటికి ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి కొలిచారు. తిండి అందిన పల్లెల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగు. కొవ్వులో తేడా లేదు. వాళ్ల ఒళ్లు ఇన్సులిన్ మాట మెరుగ్గా వింటోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. సెక్లర్‌కు గోపాలన్ గారు చెప్పిన జవాబుకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏం కావాలి? చిన్నగా ఉండటంలో ఆరోగ్యం లేదు. ఇప్పటి ఊబకాయంలో, మధుమేహంలో ఒక పాయ నిన్నటి ఆకలి నుంచే వస్తోంది.

6. వంటింటి నుంచి వీధి దాకా

పరిసరాలు అంటే చెట్లూ గాలీ కావు. మన కంచం, మన దారి, మన పగలు.

కంచంతో మొదలుపెడదాం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. అది ఎన్ని ఇళ్ల ఆకలి తీర్చిందో నా తరానికి తెలుసు. కానీ అదే ఊపులో రాగి, సజ్జ, కొర్ర పొలాల్లోంచీ వంటింట్లోంచీ జారుకున్నాయి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి సన్నబియ్యం గొప్ప రకమే. తవుడంతా పోయేలా మరపట్టి, తెల్లగా మెరిసేలా తింటున్నాం. కూర కొసరుగా, పప్పు నీళ్లగా, అన్నం కొండగా తినే అలవాటు పొలం పని చేసినప్పటిది. పని పోయింది, కొండ మిగిలింది. భారతీయులు తినే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని, మాంసకృత్తుల వాటా 12 శాతమేనని 2025లో వచ్చిన వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం చెప్పింది.

ఇప్పుడు వీధిలోకి రండి. ఏ ఊరిలోనైనా బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ముందు నిలబడండి. గుమ్మానికి పైనుంచి కిందకు దండల్లా వేలాడుతూ అయిదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు. సరిగ్గా మూడో తరగతి పిల్ల చేతికి అందే ఎత్తులో. లోపల గాజు తలుపు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు. అరటిపండ్లు ఉంటే ఓ మూల, మధ్యాహ్నానికి నల్లబడుతూ. ఒక ప్యాకెట్ తిప్పి వెనక చదవండి. బంగాళాదుంప చిప్స్ వంద గ్రాములకు దాదాపు 550 కేలరీలు, అందులో మూడోవంతు బరువు నూనే. 250 మిల్లీలీటర్ల కోలా తాగితే 26 గ్రాములకు తక్కువ కాని చక్కెర. రోజంతటికీ కలిపి పెద్దవాళ్లకే 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ అక్షరాలు చీమ తలకాయంత. నాకు కళ్లజోడు పెట్టుకున్నా సరిగ్గా ఆనవు.

ఇలాంటి కార్ఖానా తిండి నిజంగానే ఎక్కువ తినిపిస్తుందా, లేక బలహీనుల సాకా? 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ ఇరవైమందిని ఆసుపత్రిలోనే ఉంచి పరీక్షించాడు. రెండు వారాలు కార్ఖానాలో తయారైన తిండి, రెండు వారాలు ఇంటి వంటలాంటి తిండి. ముందు పెట్టిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం. ఎంత కావాలంటే అంత తినమన్నాడు. కార్ఖానా తిండి పెట్టిన రోజుల్లో దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. మనుషులు వాళ్లే, సంకల్పం అదే. మారింది పళ్లెం.

ఇక ఒంటి పని. నాట్లకు, కోతలకు యంత్రం వచ్చింది, రోలు స్థానంలో మిక్సీ వచ్చింది, పక్కవీధికి కూడా బండి వచ్చింది. ఇవేవీ వద్దనలేం. మా అమ్మల నడుములు విరిగిన పనులవి. కానీ పోయిన కదలికకు బదులు ఏదీ రాలేదు. భారతీయ పెద్దల్లో దాదాపు సగం మందికి, స్త్రీలలో 57 శాతానికి, చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ లెక్కగట్టింది. ఆడవాళ్లు నడుద్దామన్నా కాలిబాట లేదు, ఉన్నచోట వెలుతురు లేదు, వెలుతురున్నచోట మాటలు పడాలి.

ఈ సభలో తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి మనదైన ఒక వింత చెబుతాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలను అపార్ట్‌మెంట్లలాంటి ఇంటర్ కాలేజీ హాస్టళ్లలో పెట్టి, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బెంచీకి అతికించేది మనమే. మైదానం ఉండదు. ఆటల పీరియడ్ అంటే నవ్వుతారు. నిద్ర చాలదు. నిద్ర తగ్గితే ఆకలి హార్మోన్లు గతి తప్పుతాయి. ఎముకా కండా గట్టిపడవలసిన రెండేళ్లలో పిల్లవాడు ర్యాంకుతో పాటు పొట్ట కూడా తెచ్చుకుంటాడు. దీనికి ఏ జన్యువును నిందిద్దాం?

7. సంకల్పం అనే నింద

ఇంత విన్నాక కూడా "మనసుంటే తగ్గలేరా?" అనే మాట మిగులుతుంది. కొందరు తగ్గుతారు. వాళ్లకు చప్పట్లు కొడదాం. కానీ తగ్గిన శరీరం ఊరుకోదు. బరువు పడిపోగానే ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో బాగా బరువు తగ్గినవాళ్లను ఆరేళ్ల తర్వాత కొలిస్తే, వాళ్ల శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి ఉండవలసినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఎక్కువమంది పోయిన బరువులో చాలాభాగం మళ్లీ తెచ్చుకున్నారు.

కొత్త సూదిమందులు ఈ సంగతికి మరో రుజువు. సెమాగ్లుటైడ్ వారానికోసారి వేసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. ఆ మందు ఎవరికీ క్రమశిక్షణ నేర్పదు. మెదడుకు "చాలు" అన్న కబురు గట్టిగా వినిపిస్తుంది. ఆపేసిన ఏడాదిలోపు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఆకలి శరీరధర్మమని, జీవితాంతం కొనుక్కోవలసిన మందు ఒక్కటే సమాజానికి జవాబు కాలేదని, రెండూ దీనివల్ల తెలుస్తున్నాయి. అవసరమైన రోగికి మందు ఇవ్వాలి. అది తీసుకున్నందుకు ఎవరినీ చిన్నచూపు చూడకూడదు. కానీ ఊరంతటికీ సూది వేసి కిరాణా దండలను అలాగే ఉంచుదామంటే అది వైద్యం కాదు.

యువ డాక్టర్లకు ఒక విన్నపం. పెళ్లిచూపుల్లో, ఆఫీసులో, బస్సులో మాటలు పడి మీ దగ్గరకు వచ్చిన మనిషికి ఇంకో మాట జోడించకండి. "తగ్గించుకోమ్మా" అని చీటీ మీద రాయడం చికిత్స కాదు. ఏం వండుతారు, ఎవరు వండుతారు, ఎన్నింటికి తింటారు, నడవడానికి చోటుందా, నిద్ర ఎంత అని అడగండి. తల్లివైపు, తండ్రివైపు బరువులు అడగండి. ఆ సమాధానాల్లోనే జన్యువూ వీధీ రెండూ బయటపడతాయి.

8. చేయవలసినవి

వంశాన్ని మార్చలేం. వంటింటినీ వీధినీ మార్చగలం. మార్చగలిగిందానికే బాధ్యత వర్తిస్తుంది.

మొదటిది, గర్భిణి కంచం. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. ఊబకాయాన్ని ఆపే పథకాల జాబితాలో దీన్ని ఎవరూ రాయరు. నేను మొదట రాస్తాను. అది అందరికీ, రోజూ, ఎగ్గొట్టకుండా అందాలి.

రెండోది, రేషను. బియ్యంతో పాటు పప్పు, నూనెగింజలు, చిరుధాన్యాలు చవగ్గా అందాలి. కడుపు నింపిన పథకమే ఇప్పుడు కండ పెంచాలి.

మూడోది, బడి గేటు. బడికి 50 మీటర్లలోపు అధిక కొవ్వు, ఉప్పు, చక్కెర ఉన్న తిండి అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన చేసింది. మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తినవాళ్లు తక్కువే. కొత్త చట్టం అడగనక్కర్లేదు. ఉన్నదాన్ని టేపు పట్టి కొలిచి అమలు చేయమని గ్రామసభలో, తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే చాలు.

నాలుగోది, ప్యాకెట్ ముందు భాగం. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన తిండి మీద నల్లని అష్టభుజి ముద్ర వేయించింది. చదువురాని అమ్మమ్మకు కూడా అర్థమయ్యే ముద్ర. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేస్తే కొనుగోళ్లు తగ్గాయి, పేద ఇళ్లలో మరింత తగ్గాయి. మన దగ్గర నక్షత్రాల రేటింగు పెడదామని 2022లో ప్రతిపాదన వచ్చింది. చిప్స్ ప్యాకెట్ మీద ఒక్క నక్షత్రం వేసినా అది మెచ్చుకోలులాగే కనిపిస్తుంది. కావలసింది హెచ్చరిక.

అయిదోది, ఇంటర్ కాలేజీకి మైదానం, ఆటకు గంట, నిద్రకు ఏడెనిమిది గంటలు. ఇది ప్రభుత్వం చేయకముందే ఫీజు కట్టే తల్లిదండ్రులు అడగగలరు. అడ్మిషను రోజున "మైదానం ఎక్కడ?" అని ఒక్క ప్రశ్న వేయండి. పదిమంది వేస్తే యాజమాన్యం వింటుంది.

ఈ అయిదింటిలో ఏదీ ఫలానా కుటుంబానికి ఫలానా జన్యువుందా అని అడగదు. అడగనక్కర్లేదు కూడా. ఆకలి ఎక్కువిచ్చే జన్యువుతో పుట్టిన పిల్లకే ఈ రక్షణ అందరికన్నా ఎక్కువ పనికొస్తుంది. అలాంటి పిల్లలు ఎక్కువున్న సమాజమే తన వీధిని ముందుగా సరిచేసుకోవాలి. మనలో ఆ లక్షణం ఉందని తెలిసిన తర్వాత కూడా అయిదు రూపాయల దండలను బడి గుమ్మానికి వేలాడదీస్తే, ఆ తప్పు రక్తానిది కాదు, మనది.

పేదవాడి పొట్టితనాన్ని సహజమని ఒప్పుకోవడానికి గోపాలన్ గారు నిరాకరించారు. ఆయన పేరున ఉన్న ఈ వేదిక మీదినుంచి మనమూ ఈ ఊబకాయాన్ని సహజమని గానీ, ఒక్కొక్కరి సొంత పాపమని గానీ ఒప్పుకోవద్దు.  బయట టీ, బిస్కెట్లు పెట్టారట. బదులు వేరుశనగలు పెట్టమని నేను ముందే చెప్పి ఉండాల్సింది. వచ్చే ఏడు ఉపన్యాసకుడు ఆ పని చూసుకుంటాడని ఆశిస్తాను. ఇక ప్రశ్నలు అడగండి.